కొత్తనీటికి ఎదురెక్కే చేప

రాజంపేటకు దగ్గర్లో, చెయ్యేటి ఒడ్డున ఉన్న నందలూరు సౌమ్యనాథస్వామి గుడి గోపురం పైకప్పుకు ఒక చేప బొమ్మ చెక్కి ఉంది. ప్రళయం వచ్చి నీళ్లు అంతదాకా ఎక్కిన రోజు దానికి ప్రాణమొచ్చి ఈదిపోతుందని అక్కడి జనం నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, కొత్తనీరు తగిలితే చేప ఊరుకోదన్న ఎరుక అందులో ఉంది. అద్దాల తొట్టిలో ఆస్కార్, అరోవానా వంటి పెద్ద చేపలను పెంచేవాళ్లను నీళ్లు మార్చిన పూట కంగారు పెట్టేది అదే: చేప ధారకు ఎదురొచ్చి నిలుస్తుంది, మూతకు తగిలేలా ఎగురుతుంది, లేదా రంగు వెలిసి ఓ పక్కకు ఒరిగి పడుకుంటుంది. ఇదంతా జబ్బు కింద జమ కట్టేముందు రాయలసీమ చెరువుల చరిత్ర ఒకసారి చూడాలి.

ఆ చెరువులు తవ్వింది చేపల కోసం కాదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు, ఆరు దోషాలు చెబుతుంది. వాటిలో చేప ఊసే లేదు. అయినా చేపలు వచ్చాయి. ఎండాకాలం చెరువు గుంటలుగా చీలిపోతే కొర్రమీను బురదలో గాలి పీల్చుకుంటూ నెట్టుకొస్తుంది. మిగతావి కొంగలకో మనుషులకో దక్కుతాయి. వాన పడి వంకలు పారి, చెరువు నిండి మరవ (అలుగు) దూకగానే కింది నుంచి చేపలు ఆ ధారకు ఎదురెక్కుతాయి. మరవ దగ్గర వల పట్టుకుని నిలబడేవాడి పనితనమంతా నీళ్లు ఏ పూట దూకుతాయో కనిపెట్టడంలోనే ఉంటుంది. అంటే చేపకు నీళ్లు తగ్గడం చావు కబురు, పెరగడం ప్రయాణపు కబురు. తొట్టిలో సగం నీళ్లు తోడి మళ్లీ నింపేవాడు అరగంటలో ఎండాకాలాన్నీ వానాకాలాన్నీ దానికి చూపిస్తున్నాడు.

తొట్టిలోది అమెజాన్ చేప, చెయ్యేటితో దానికేం పని అనవచ్చు. అమెజాన్ కూడా ఏటా పొంగి అడవుల్లోకి పారే నదే. అక్కడి చేపల్లో చాలావాటికి ఆ పొంగే గుడ్లు పెట్టే కాలం. కోరిడోరస్ అనే అక్కడి చేపలను పెంచేవాళ్లు కాస్త చల్లని నీళ్లు పోసి వాటిచేత గుడ్లు పెట్టించడం అందరికీ తెలిసిన కిటుకే. తొట్టిలోనే పుట్టిన చేపకు వరద ఎలా తెలుసు అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. దీనికి మన బొచ్చె, శీలావతి జవాబు చెబుతాయి. నిలవనీటి చెరువులో వాటి కడుపు గుడ్లతో నిండుతుంది కానీ గుడ్లు విడవవు. అందుకే బెంగాల్‌లో వాననీరు ఉరికొచ్చే కట్టకుంటల్లో వాటిని వదిలేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి ఇలాంటి చేపలకు పీయూష గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఆ రోజే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినం. ఆ సూది వచ్చాక కూడా హేచరీల్లో గుండ్రటి తొట్టిలో నీటిని తిప్పుతూనే ఉన్నారు. ఎన్నో తరాలు హేచరీలో పుట్టినా ఆ చేపలు ప్రవాహాన్ని మరవలేదు. బంగారుతీగ మాత్రం నిలవనీటిలోనూ గుడ్లు పెడుతుంది కాబట్టి ఈ సూత్రం అన్ని చేపలకూ అతకదు.

అసలు చిక్కు కుళాయి నీటిది. అందులోని క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది, వేడిలో తేడా ఒంటికి దెబ్బ. ఈ బాధనూ కొత్తనీటి హుషారునూ ఒకటిగా చూడకూడదు. హుషారు కాసేపటికి సద్దుమణిగి చేప మేతకు వస్తుంది. క్లోరిన్ తగిలింది మాత్రం పైకి తేలి నోరు తెరిచి ఎగపోస్తుంది, మేత ముట్టదు. ఇప్పుడు చెరువుల్లో చేపపిల్లలను సంచుల్లో తెచ్చి వదులుతున్నారు. ఆ వేడి దెబ్బ తెలిసినవాళ్లు సంచిని కాసేపు చెరువు నీళ్లమీద తేలనిచ్చి, లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యాకే మూతి విప్పుతారు.