రేగడిపై పఱచిన నేల

బెజవాడ కొండలను దాటిన పిదప కృష్ణానదికి సముద్రము వఱకు మఱల కొండ యన్నది ఎదురుపడదు. పులిగడ్డ యొద్ద పాయలుగా చీలి, ఆ పాయల నడుమ దివిసీమను నిలిపి, హంసలదీవికడ సాగరమున కలియు ఆ నది వేల సంవత్సరములుగా తెచ్చి పోసిన ఒండ్రుమీదనే గుడివాడ మాగాణులును, బందరు పట్టణమును, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు గ్రామములును నెలకొన్నవి. అన్నము పెట్టుటలో ఇంత ఉదారమైన భూమి ఇల్లు మోయుటలో అంత ఉదారముగా నుండదు. వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట ఈ నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చును. తొలకరికి కాలువలకు నీరు వదలి, వానలు పడినంతనే ఉబ్బి ఆ నెఱ్ఱెలను మూసికొనును. ఏటేట ఇట్లు క్రుంగుచు పొంగుచుండు భూమిపై ఇంటిలోని నేలను చదునుగా నిలుపుట యెట్లన్న ప్రశ్నకు ఈ సీమవారు తరతరములుగా వేర్వేరు సమాధానములు చెప్పుచు వచ్చిరి. నేడు కారు నిలుపు చోట పఱచుచున్న ఇంటర్‌లాకింగ్ టైల్సును ఆ సమాధానముల వరుసలో చేర్చి చూచిననే గాని వాని మేలు తెలియదని నా నమ్మకము.

రాయి దొరకని చోట మట్టియే మొదటి సమాధానము. ఇల్లు కట్టదలచినవాడు ముందుగా స్థలమును మెరక చేయవలెను. చెరువు పూడిక తీసిన మట్టినో, తీరమునకు చేరువనున్న గ్రామములలో బుసకనో బండ్లతో తోలించి, ఒక వర్షాకాలము దానిపై కురిసి అది అణగిన పిదప గోడలు లేపుట బుద్ధిమంతుల పద్ధతి. అటుపైని నీరు చల్లి దిమ్మిసతో కొట్టి, మెత్తని మట్టిలో ఊకను పేడను కలిపి పూతపూసి, అది ఆరిన వెనుక పేడనీటితో అలికెడివారు. ఈ నేలకు శాశ్వతత్వము లేదు. కాని సన్నని నెఱ్ఱె కనిపించిన నాడే పూడిపోవుటయు, క్రుంగిన తావున గంపెడు మట్టి చేరినంతనే సమమగుటయు దీని గుణము. పండుగకు, శుక్రవారమునకు, పురుటికి, శుభకార్యమునకు అలికి ముగ్గుపెట్టిన స్త్రీల చేతులే ఆ నేలను వందల యేండ్లు నిలిపినవి. దేవాలయములు కట్టించినవారి పేరులను శాసనములు చెప్పుచున్నవి. ఈ నిత్యనిర్మాణము చేసినవారి పేరులను చెప్పు శాసనము లేదు, చరిత్రకారులు విచారింపవలసిన లోపమిది.

నేటి కారుషెడ్డునకు పూర్వరూపము గొడ్ల సావిడి. అచ్చటి నేలకు వేఱు ధర్మములు కావలెను: ఎడ్ల గిట్టల రాపిడికి ఓర్చుట, మురుగును వెలుపలికి జార్చుట, బండి చక్రపు ఇనుప పట్టాకు గాడి పడకుండుట. అందుకై నేలను వాలుగా తీర్చి, బండి నిలుచు చోట ఇటుకముక్కలు, పెంకుముక్కలు దిగగొట్టెడివారు. బరువు నిలుపు చోటికిని, మనుష్యులు పడుకొను చోటికిని ఒకే నేల పనికిరాదన్న వివేకము ఆ సావిడిలోనే యున్నది.

బరువును ఈ మంటిపై నిలుపుటను గుఱించి మఱింత ప్రాచీనమైన సాక్ష్యము ఘంటసాలలో కలదు. 19వ శతాబ్ది చివర అలెగ్జాండర్ రే త్రవ్వించిన అచ్చటి బౌద్ధస్తూపము లోపల నిండు ఇటుక కట్టడము లేదు. నడుమ చతురస్రమైన దిమ్మెయు, దానిచుట్టు గుండ్రని గోడయు, ఆ రెంటిని కలుపు అడ్డగోడలును, వాని నడిమి అరలలో మట్టియు బయల్పడినవి. ఇటుక పొదుపు కొఱకే ఇట్లు కట్టిరని అనుకొనువారుందురు. అరలలో బంధించిన మట్టి విచ్చలవిడిగా జాఱిపోజాలదని ఆ శిల్పులకు తెలిసియుండుననియే నేను తలచుచున్నాను.

బందరు సుప్రసిద్ధమైన రేవుగా నున్న 17వ శతాబ్దమున సైతము పట్టణపు ఇండ్లు కఱ్ఱతో కట్టినవేయని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే వ్రాసియున్నాడు. ఆ శతాబ్దారంభమున డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును ఇచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. డచ్చివారి శ్మశానవాటికలో నేటికిని నిలిచియున్న చెక్కడపు సమాధిఫలకములను చూచినచో, రాయి లేని ఈ తీరమునకు రాతిని చేర్చుట ఎంతటివారికి సాధ్యమయ్యెనో బోధపడును. తక్కిన సంపన్నులకు గచ్చు దిక్కయ్యెను. సముద్రపు గుల్లలను కాల్చిన సున్నమును ఇసుకతో కలిపి, ఎడ్లు త్రిప్పు గానుగలో నూఱించి, బెల్లపునీరును కరక్కాయ నానబెట్టిన నీరును చేర్చి, ఇటుకముక్కల పఱుపుపై పోసి, కఱ్ఱ పలకలతో దినముల తరబడి కొట్టి, నునుపురాతితో రుద్దిన ఆ గచ్చు పాదమునకు మిక్కిలి హాయియైనది. సున్నము మెల్లగా గట్టిపడు పదార్థమగుటచే సన్నని పగుళ్ళను కొంతవఱకు తనకు తానే పూడ్చుకొనగలదు. కాని పునాది క్రింది రేగడి అంగుళము కదలెనేని ఆ అతుకులేని తలము నిట్టనిలువున చీలును. చీలినచోట తిరిగి పోసిన గచ్చు పాతదానితో కలియదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపైకి వచ్చి దాదాపు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. అంతటి విలయము ముందు ఇంటి నేలను గుఱించి మాటలాడుట చిన్నతనముగా తోచవచ్చును. అయినను, బ్రతికియున్నవారు మఱల గూడు కట్టుకొనునపుడు మొదట విచారించునది నేల మెరకయే.

అంతకు మునుపే, 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియగుటతో ఈ సీమ బ్రతుకు మాఱెను. కాలువలు పొలములకు నీటిని, గ్రామములకు పడవలను తెచ్చినవి. వరి పండి చేతిలో రొక్కము నిలిచినవారు పెంకుటిండ్లను, మండువా లోగిళ్ళను కట్టుకొనిరి. కర్నూలు, కడప సీమల నాపరాతి గనులకు బెజవాడతో రైలుమార్గము ఏర్పడుటయు, 1908లో బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరునకు రైలు నడచుటయు జరిగిన పిమ్మట, బేతంచెర్ల బండలు, కడప బండలు డెల్టా గృహములలోనికి ధారాళముగా వచ్చుటకు దారి యేర్పడెను. నా దృష్టిలో ఈ సీమ కనుగొన్న ఉత్తమమైన నేల యిదియే. మేస్త్రి బండలను ఇసుక పఱుపుమీద కూర్చుండబెట్టి, సందులలో మాత్రము సున్నము దట్టించెడివాడు. ఎచ్చటనైన ఒక బండ క్రుంగినచో గునపముతో దానిని లేపి, క్రింద ఇసుక నింపి, మఱల యథాస్థానమున నుంచిన చాలును. పది బండలలో ఒకటి కదలిన తక్కిన తొమ్మిది చెడవు. చెమ్మతోపాటు ఉప్పు పైకి ఎక్కి బండల అంచులు పొరలు లేచుట దీనికున్న దోషము. చవుడు గల తీరగ్రామములలో ఆ దోషము నుండి తప్పించుకొనిన నేల యేదియు లేదు.

తరువాత సిమెంటు వచ్చెను. ఎఱ్ఱరంగు కలిపిన నున్నని నేలలును, పాలరాతి పలుకులు పొదిగి యంత్రముతో సానపట్టిన మొజాయిక్ నేలలును గొప్పతనమునకు చిహ్నములైనవి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి పదివేలమంది ప్రాణములను హరించిన పిదప, మట్టిగోడలపై ప్రజలకున్న విశ్వాసము పూర్తిగా సడలి, కాంక్రీటు ఇల్లే రక్షణమన్న భావము పల్లెపల్లెకు పాకెను. ఆ భావము గోడల విషయమున, కప్పు విషయమున నిజము. నేల విషయమున మాత్రము, గచ్చు కాలమునాటి కష్టమునే సిమెంటు మఱల తెచ్చిపెట్టినది.

ఆ కష్టము స్పష్టముగా కనిపించునది కారు నిలుపు చోటనే. గుడివాడలోను బందరులోను నేడు కొత్త ఇంటికి ముందుగా రాబిష్ తోలించి, అది అణగుటకు ఒక వాన కూడ పడనీయక, దానిపై పలుచగా కాంక్రీటు పోసి, సిమెంటుతో పార్కింగ్ టైల్స్ అతికించుచున్నారు. లోపలి మెరక క్రుంగినంతనే టైలు క్రింద బోలు ఏర్పడును. చక్రము దానిపై నిలిచిన నాడు టైలు పగులును. తప్పు టైలుది కాదు, తొందరది.

ఇంటర్‌లాకింగ్ టైల్సు అనబడు, ఒకదానికొకటి బిగిసి నిలుచు కాంక్రీటు దిమ్మెల పద్ధతి రెండవ ప్రపంచయుద్ధానంతరము హాలెండులో వ్యాపించినది. అదియు నదీముఖమున వెలసిన మెత్తని నేల. అచ్చటి వీథులను తరతరములుగా ఇసుకపై ఇటుకలు పేర్చి కట్టుచు, క్రుంగినపుడు విప్పి మఱల పేర్చుకొనుచు వచ్చిరి. యుద్ధములో కూలిన గృహముల పునర్నిర్మాణమునకు ఇటుకలు కావలసి వచ్చినపుడు వీథులకు కాంక్రీటు దిమ్మెలు వచ్చినవి. అనంతరము జర్మనీలో వాని అంచులకు వంపులు తీర్చి పరస్పరము బిగియునట్లు చేసిరి. బందరులో సమాధిఫలకములు విడిచిపోయిన జాతివారి డెల్టా అనుభవము మూడు శతాబ్దముల పిమ్మట మన డెల్టాకు ఈ రూపమున చేరినది.

ఎన్నిక విషయమున కొన్ని మాటలు చెప్పవలెను. ఇంటి కారునకు 60 మిల్లీమీటర్ల మందముగల దిమ్మె తగును, ఐ.ఎస్. 15658 అను భారతీయ ప్రమాణము తేలిక వాహనములకు చెప్పునదియు అదియే. రబ్బరు అచ్చులలో పోసిన మెఱుగు దిమ్మెలు కంటికి ఇంపుగా నుండునుగాని తడిసినపుడు జాఱును, కొంతకాలమునకు పైపొర లేచుటయు కలదు. యంత్రముతో అదిమి చేసిన గరుకుదిమ్మెలనే నేను కోరుదును. రెండు దిమ్మెలను ఒకదానితో నొకటి తట్టినపుడు గణగణమని మ్రోగవలెను, అంచులు చేతితో రాల్చిన రాలరాదు. తీరపు ఇసుకతో చేసిన దిమ్మెలకు తెల్లని ఉప్పు పూయును గనుక, ఏ ఇసుక వాడిరో అడిగి తెలిసికొనుట మంచిది.

పఱచుట యందు శ్రమయంతయు కంటికి కనబడని భాగమునదే. నల్లమట్టిని అడుగునకు తక్కువ గాకుండ తీసివేసి, గ్రావెలును క్రషర్ డస్టును పొరలుపొరలుగా పోసి, నీరు చల్లి యంత్రముతో అదుమవలెను. చుట్టును కాంక్రీటు అంచు కట్టవలెను. ఘంటసాల అరలవలెనే, ఈ అంచు లేనిదే లోపలిది నిలువదు. దానిపై అంగుళము నుండి అంగుళమున్నర వఱకు ఇసుక పఱచి, బద్దతో సమముగా లాగి, దిమ్మెలను సందులు వరుసగా కలియకుండ పేర్చి, సన్నని పొడియిసుకను సందులలోనికి ఊడ్చి, మఱల అదుమవలెను. వాలు వీథివైపునకు, యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున నుండుట ఉచితము. తుపాను వానలలో నీరు ఇంటివైపు మళ్ళరాదు.

డాలస్ ప్రాంతమున స్థిరపడిన ఈ సీమ బిడ్డలు అచ్చటి తమ గరాజులలో కొక్కెములతో బిగియు ప్లాస్టిక్ పలకలను పఱచుకొని, తల్లిదండ్రుల ఇంటికిని అవియే కావలెనని కోరుట కలదు. అచ్చటిదియు నల్లని బంకమట్టియే. కాని ఆ పలకల క్రింద ఉక్కుతీగలను బిగలాగి పోసిన దళసరి కాంక్రీటు ఉన్నది. అట్టి ఆధారము లేని చోట ప్లాస్టిక్ పలక క్రింది పగులును కప్పగలదేగాని ఆపలేదు. పాత సిమెంటు నేల చదునుగా, గట్టిగా నిలిచిన ఇంట మాత్రము అవి సులువైనవి. ఎండకు వ్యాకోచించుటకు గోడవెంబడి కొంచెము ఖాళీ విడిచిన చాలును.

కాంక్రీటు దిమ్మెలు వేయించుకొన్నవారు తొలి వర్షాకాలము గడచిన పిదప చక్రముల జాడలో క్రుంగిన నాలుగైదింటిని పైకి తీయించి, ఇసుక చేర్పించి, మఱల పేర్పించవలసి యుండును. మేస్త్రితో బేరము కుదుర్చుకొనునాడే ఆ రెండవ రాకకు కూడ మాట తీసికొనుట మేలు.