సహజ ప్రశాంతత – ఒక నిర్వచన చరిత్ర

శబ్దమనగా ధ్వని, పదమును శబ్దమే. ఈ రెండర్థములును ఒకే వ్యాజ్యమున కలిసిన యుదంతము నొకదానిని ఇచట పరిశీలింపదలచితిమి.

అమెరికాలో కొలరాడో నది కోసిన మహాలోయ గ్రాండ్ కాన్యన్. దానిని ఆకాశమునుండి చూపించు విమానముల రొద హెచ్చుచుండగా, 1975 నాటి శాసనము ‘సహజ ప్రశాంతత’ను ఆ ఉద్యానవనమున కాపాడదగిన విషయముగా పేర్కొనెను. కాని అది ఉద్యానవన శాఖకు కల్పించిన అధికారము వైమానిక శాఖకు మొరపెట్టుకొనుట వరకే. 1986 జూన్ 18న లోయపై విమానమును హెలికాప్టరును ఢీకొని 25 మంది మరణించిరి. మరుసటి యేడు శాసనసభ సహజ ప్రశాంతతను ‘గణనీయముగా’ పునరుద్ధరింపవలెనని విధించెను. ప్రశాంతతకు బలమైన శాసనము లభించుటకు ప్రాణనష్టము కావలసివచ్చినది!

గణనీయమనగా నెంత? శాసనము చెప్పలేదు. ఉద్యానవనములో కనీసము సగభాగమున, దినములో నూటికి 75 మొదలు 100 వంతుల కాలము విమానధ్వని వినబడకుండుటయే దాని యర్థమని 1994లో ఉద్యానవన శాఖ నిర్ణయించెను. అంతటితో వివాదము ‘దినము’ అను పదముపైకి మరలినది. వైమానిక శాఖ సంవత్సరపు సగటు దినమును గ్రహించెను. ఈ లెక్కలో రద్దీలేని నాళ్ల నిశ్శబ్దము రద్దీనాళ్ల రొదను కప్పివేయును. ఉద్యానవన శాఖ ఉద్దేశించినది ఏ యొక్క దినమైనను అని. 2002లో వాషింగ్టను అప్పీలు న్యాయస్థానము సగటు లెక్కను అంగీకరింపక, పర్యాటకేతర విమానముల ధ్వనిని విడిచిపెట్టుటను గూడ తప్పుపట్టి, విషయమును పునఃపరిశీలనకు పంపెను. ఈ తీర్పు యుక్తమని మా యభిప్రాయము. యాత్రికుడు లోయను చూచునది తాను వచ్చిన నాడే గాని, సగటునాడు గాదు.

మన దేశమున విధానము వేరు. 1987 సవరణ రొదను వాయుకాలుష్య కారకములలో చేర్చెను. 2000 నాటి నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి విధించెను. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్ల మేర నిశ్శబ్దమండలమును నిర్దేశించెను. పారిశ్రామిక, వాణిజ్య, నివాస, నిశ్శబ్దములను నాలుగు విభాగములే ఆ పట్టికలో నున్నవి, అడవి లేదు. నల్లమలను నిశ్శబ్దమండలమనుటయు పొసగదు. అచట గాలియు, వాగులును, పక్షులును నిశ్శబ్దముగా నుండవు గదా. ‘సహజ ప్రశాంతత’కు సరియైన మాట మన నిబంధనలలోనికి ఇంకను రావలసియున్నది.