సవాయి పరీక్ష వెనక కథ

గర్భిణికి రాసే తొలి రక్తపరీక్షల రిపోర్టులో, హిమోగ్లోబిన్, షుగర్ల పక్కనే 'వీడీఆర్ఎల్: నాన్ రియాక్టివ్' అని ఒక వరుస ఉంటుంది. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. అది సవాయి, అంటే సిఫిలిస్ పరీక్ష.

ఈ జబ్బు పేరెత్తగానే జనానికి గుర్తొచ్చేవి వేశ్యావాడలు. అలాంటిదే అయిన ముంబైలోని కామాటిపురకు ఆ పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. తెలుగు నేల నుంచి వెళ్లి బొంబాయి కట్టడాల్లో కూలిపని చేసిన కామాటీలు అక్కడ స్థిరపడ్డారు. తర్వాత ఆ సందుల్లోనే వ్యభిచార గృహాలు పెరిగాయి. ఇప్పటికీ అక్కడి చాల్‌లలో తెలుగు కుటుంబాలున్నాయి; పేట పేరు చెప్పగానే ఎదుటివాళ్లు నవ్వే వెకిలినవ్వు వాళ్లకూ తప్పదు.

తెల్లసైనికులకు సుఖరోగాలు తగులుతున్నాయని 1868లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. వేశ్యలు పేరు నమోదు చేయించుకోవాలి, పరీక్షకు రావాలి. జబ్బుంటే సుఖరోగాల కోసం పెట్టిన లాక్ ఆసుపత్రిలో ఉండాలి. వాళ్ల దగ్గరికి వెళ్లిన మగవాళ్లను మాత్రం ఆ చట్టం ముట్టుకోలేదు. పరీక్ష అంటే డాక్టరు కంటితో చూడటమే, మందు అంటే ఎక్కువగా పాదరసమే. పళ్లు కదిలి, నోరంతా పూసి, చొంగ కారేది. దాన్ని వైద్యం అనడానికి నాకు నోరు రాదు. చట్టం 1888లో రద్దయింది.

అసలు సవాయి క్రిమి 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్‌ల కంటపడింది. మరుసటేడు వాసర్‌మన్ రక్తపరీక్ష, 1910లో ఎర్లిక్ ఆర్సెనిక్ మందు సాల్వర్సాన్ వచ్చాయి. 1943లో అమెరికాలో మహోనీ పెన్సిలిన్‌తో ఈ జబ్బు నయం చేశాక పాత మందులన్నీ మూలపడ్డాయి. వీడీఆర్ఎల్ 1946 నాటిది. గాజుపలక మీద సీరం చుక్కకు యాంటిజెన్ చుక్క కలిపి కొద్ది నిమిషాలు తిప్పుతారు. మైక్రోస్కోపులో చూస్తే రేణువులు ముద్దలు కట్టి ఉంటే రియాక్టివ్. గర్భిణుల్లో, మరికొన్ని జబ్బుల్లో ఇది పొరపాటుగానూ రియాక్టివ్ రావచ్చు. అందుకే టీపీహెచ్ఏ అనే మరో పరీక్షతో సరిచూస్తారు.

తొలిదశలో ముఖ్యమైన మందు ఒక్కటే: 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్, పాలలాంటి చిక్కటి ద్రవం, పిరుదుకు సూది. నొప్పి ఎక్కువే. పెన్సిలిన్ పడనివాళ్లకు, గర్భిణులకు తప్ప, డాక్సీసైక్లిన్ ఇస్తారు. అది చేరే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలోనే.

ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల సురక్షా క్లినిక్కుల్లో పరీక్షా, మందూ ఉచితం. ఒకరికి జబ్బుందని తేలితే రెండోవారినీ రమ్మంటారు. అనుమానముంటే హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. ఆలుమగలు ఇద్దరూ కలిసే వెళ్లండి.