వ్యాధి పటములలో ఇరుగు పొరుగు

ఒక ఊరికి పొరుగూరు ఏది? సులభముగా కనిపించు ఈ ప్రశ్న వ్యాధుల గణాంక శాస్త్రమున నేటికిని చిక్కుముడియే.

1854లో లండను నగరమున సోహో ప్రాంతములో కలరా చెలరేగెను. డాక్టరు జాన్ స్నో మృతుల ఇండ్లను పటముపై గుర్తించి, అవి బ్రాడ్ వీధిలోని పంపు చుట్టును గుమిగూడియుండుట చూపెను. 1855 నాటి పటమున ఆయన ఒక గీతను చేర్చెను. ఆ పంపునకును, చుట్టుపట్ల పంపులకును సమదూరమున నుండు స్థలములను ఆ గీత కలుపును. ఆ దూరమును ఆయన పటముపై తిన్నగా కొలువలేదు. జనులు నీటికై నడచు దారుల వెంబడి కొలిచెను. వ్యాధి వచ్చు దారియే సామీప్యమును నిర్ణయించునని ఇందలి పాఠము.

ఇక స్కాట్లండునకు వత్తము. 1975–80 మధ్య అచ్చటి 56 జిల్లాలలో పెదవి క్యాన్సరు సోకిన పురుషులు 536 మంది. స్కై-లోఖాల్ష్ జిల్లాలో జనుల సంఖ్యను, వయస్సును బట్టి 1.4 ఉండవలసిన రోగులు 9 మంది ఉండిరి. అనగా ఆరు రెట్లకు పైన. ట్వీడ్‌డేల్‌లో 1.8 ఉండవలసియుండగా ఒక్కరును లేరు. జనులు తక్కువైనచోట ఒకరిద్దరి తేడాకే లెక్క తలక్రిందులగును. ఇందు నిజమెంత, యాదృచ్ఛికమెంత?

ముందున్న ఊహను కొత్త సాక్ష్యముతో సవరించు మార్గమును థామస్ బేయిస్ చూపెను. ఆయన వ్యాసము మరణానంతరము 1763లో వెలువడెను. పొరుగు ప్రాంతములు ఒకదానినొకటి పోలియుండునను ఊహకు జూలియన్ బెసాగ్ 1974లో గణితరూపము నిచ్చెను. క్లేటన్, కాల్డర్ అనువారు 1987లో స్కాట్లండు లెక్కలను ఇట్టి పద్ధతితో సవరించిరి. 1991లో బెసాగ్, యార్క్, మోలియే అనువారు ప్రతి జిల్లా ప్రమాదమును రెండు పాళ్లుగా విడదీసిరి: పొరుగుతో పంచుకొనునది ఒకటి, తనకే ప్రత్యేకమైనది మరొకటి.

మరి పొరుగెవరు? సాధారణముగా సరిహద్దు కలిసిన జిల్లాలే. కాని ఓర్క్‌నీ, షెట్‌లాండ్, పశ్చిమ దీవులకు చుట్టును సముద్రమే! ఈ లెక్కలకే వాడుకలో రెండు విధముల పొరుగు పట్టికలు కలవు. ఒకదానిలో ఈ దీవులు ఏకాకులు. రెండవదానిలో సముద్రము దాటి బంధువులు. పొరపాటున కలిపినచో నిజమైన ప్రమాదము సగటులో మరుగుపడును. పొరపాటున విడదీసినచో యాదృచ్ఛికమే ప్రమాదముగా తోచును. కావున పలు పట్టికలతో లెక్కించి, ఫలితము మారినచో ఆ సంగతి చెప్పుటయే శాస్త్రధర్మము.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ మండలమునకు పొరుగు మండలముల పట్టికను సరిహద్దును బట్టి ఒకటి, బస్సు మార్గమును బట్టి ఒకటి, త్రాగునీటిని బట్టి ఒకటి వ్రాయింపవచ్చును. ఆ మూడును ఒక్కటి కాకున్నచో, ఏ వ్యాధికి ఏ పట్టిక తగునో వారినే అడుగవలెను.