తత్కాల్ నిమిషంలో సర్వర్ ఎందుకు మొరాయిస్తుంది? క్యాష్, మెమరీ సర్దుబాటు కథ

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే తెలుగువాళ్లు ఉన్నారు. ఆ పట్టణ శివారు సాలువా నుంచి ఉన్నపళంగా శ్రీకాకుళానికో విజయనగరానికో బయల్దేరాలంటే, బెర్తు కావాలనుకునేవాళ్లకు తత్కాలే దిక్కు. ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. సాలువాలో ఫోన్ పట్టుకున్న మనిషీ, సికింద్రాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషీ ఒకే నిమిషంలో ఒకే వ్యవస్థ మీద పడతారు. ఆ తాకిడిని తట్టుకోవడానికి ఎక్కువ యంత్రాలు కొంటే సరిపోదు. వాటిలోని మెమరీని దేనికెంత పంచారన్నది కూడా అంతే ముఖ్యం.

ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టులో ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టింది. పన్నెండేళ్ల తర్వాత, 2014లో, రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘క్రిస్’ కొత్త తరం ఈ-టికెటింగ్ వ్యవస్థను తెచ్చింది. అప్పటిదాకా నిమిషానికి 2,000 టికెట్లు ఇవ్వగలిగిన సైటు సామర్థ్యం 7,200కు పెరిగిందని, ఒకేసారి వాడగలిగేవారి సంఖ్య 40 వేల నుంచి 1.2 లక్షలకు చేరిందని ప్రకటించారు. ఆ మార్పులో ఒక ముఖ్య భాగం జెమ్‌ఫైర్ అనే ఇన్-మెమరీ డేటా గ్రిడ్. పదేపదే అడిగే సమాచారం కోసం ప్రతిసారీ డేటాబేస్ దాకా పోకుండా, అనేక సర్వర్ల మెమరీలో పంచి ఉంచే పద్ధతి అది. క్యాష్ అంటే ఇదే. డబ్బుకూ దీనికీ తెలుగులో ఉచ్చారణ ఒకటే అయినా, ఈ క్యాష్ చేతికందే దూరంలో పెట్టుకున్న నకలు.

నకలు కాబట్టే దానికి పాతబడే గుణం ఉంది. ఎంత పాతబడితే ఫర్వాలేదన్నది తేల్చుకోకుండా సెట్టింగుల జోలికి వెళ్లకూడదు. స్టేషన్ల పేర్లు ఒక రోజంతా క్యాష్‌లో ఉన్నా నష్టం లేదు. ఒక రైలులో ఎన్ని సీట్లున్నాయో చూపే అంకె కొన్ని సెకన్లు వెనకబడినా ప్రయాణికుడు సర్దుకుంటాడు. సీటు కేటాయింపు మాత్రం క్యాష్‌ను నమ్మి చేయకూడదు, ఒకే బెర్తు ఇద్దరి పేర పడుతుంది. అది డేటాబేస్ తాళం వేసుకుని చేయాల్సిన పని.

క్యాష్ ఎంత పని చేస్తోందో ‘హిట్ రేటు’ చెబుతుంది. 95 శాతం ఉన్నది 90కి పడితే పెద్ద తేడాలా కనిపించదు. కానీ డేటాబేస్ దాకా వెళ్లే అభ్యర్థనలు 5 శాతం నుంచి 10 శాతానికి, అంటే రెట్టింపు అవుతాయి. అసలు ప్రమాదం గడువు తీరే క్షణంలో ఉంది. సరిగ్గా పది గంటలకు ఒక రైలు వివరాల గడువు ముగిసిందనుకోండి. వేల అభ్యర్థనలు ఒక్కసారిగా ఖాళీ క్యాష్‌ను చూసి డేటాబేస్ మీదికి దూకుతాయి. దీనికి విరుగుళ్లు పాతవే: ఒక అభ్యర్థననే లోపలికి పంపి మిగతావాటిని దాని జవాబు కోసం ఆపడం, గడువులను కొద్దిగా అటూఇటూ చెదరగొట్టడం, రద్దీకి ముందే క్యాష్‌ను నింపి ఉంచడం.

ఇక మెమరీ. జావా సర్వర్లలో ప్రోగ్రాము సృష్టించే వస్తువులన్నీ ‘హీప్’ అనే భాగంలో ఉంటాయి. క్యాష్‌ను కూడా అందులోనే పెడితే, ఒక్కో వినియోగదారుడి సెషన్‌తో అది చోటు కోసం పోటీ పడుతుంది. 1.2 లక్షల మంది లాగిన్ అయి, ఒక్కొక్కరి సెషన్ 100 కిలోబైట్లు ఉంటే, అన్ని సర్వర్లలో కలిపి సెషన్లకే సుమారు 12 గిగాబైట్లు కావాలి. వెతుకులాట ఫలితాలన్నీ సెషన్‌లో దాచే అలవాటు మాని దాన్ని 10 కిలోబైట్లకు కుదిస్తే 1.2 గిగాబైట్లు చాలు. టామ్‌క్యాట్ సర్వర్‌లో సెషన్ గడువు మామూలుగా 30 నిమిషాలు. వెళ్లిపోయినవాడి సెషన్ కూడా అంతసేపూ చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. చాలా చోట్ల ర్యామ్ కొనడం కంటే ఈ లెక్క వేసుకోవడం చవక.

హీప్ పెద్దదైతే అన్నీ బాగుపడతాయన్న నమ్మకం కూడా సరికాదు. వాడేసిన వస్తువులను ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ పని చేసేటప్పుడు ప్రోగ్రాము కాసేపు ఆగుతుంది. జావా 9 నుంచి మామూలుగా వచ్చే జీ1 కలెక్టర్ ఆ విరామాన్ని 200 మిల్లీసెకన్ల లోపు ఉంచాలని చూస్తుంది. హీప్ నిండిపోయి పూర్తి ఊడ్పు మొదలైతే ఆ లక్ష్యం గాలికి పోతుంది. దాదాపు 32 గిగాబైట్లు దాటితే ఇంకో చిక్కు: చిరునామాలను 4 బైట్లలో కుదించే సౌకర్యం పోయి 8 బైట్లు అవుతాయి. అందుకే 34 గిగాబైట్ల హీప్‌లో 31 గిగాబైట్ల హీప్ కంటే తక్కువ సరుకు పట్టవచ్చు.

హీప్ బయట కూడా ఖర్చుంది. టామ్‌క్యాట్ మామూలుగా 200 థ్రెడ్ల దాకా పెంచుకుంటుంది. 64 బిట్ లైనక్స్‌లో ఒక్కో థ్రెడ్ స్టాక్‌కు 1 మెగాబైట్ దాకా హద్దు. సెకనుకు 120 అభ్యర్థనలు వచ్చి ఒక్కోటి 2 సెకన్లు పడితే ఎప్పుడూ 240 థ్రెడ్లు పనిలో ఉండాలి, అంటే 200 చాలవు. థ్రెడ్లు పెంచడం ఒక దారి. డేటాబేస్ జవాబును 1 సెకనుకు తేవడం మెరుగైన దారి, అప్పుడు 120 చాలు.

కంటైనర్లలో జరిగే పొరపాటు ఇంకా తమాషాగా ఉంటుంది. 4 గిగాబైట్ల కంటైనర్‌లో ఏ సెట్టింగూ ఇవ్వకపోతే జావా హీప్‌కు నాలుగో వంతు, 1 గిగాబైట్ మాత్రమే తీసుకుంటుంది. మొత్తం 4 ఇచ్చేస్తే థ్రెడ్లకు, క్లాసుల సమాచారానికి చోటు మిగలక లైనక్స్ ప్రోగ్రామును చంపేస్తుంది. జావా లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, 137 అనే ముగింపు సంఖ్య తప్ప. అరవై, డెబ్బై శాతంతో మొదలుపెట్టి, లాగ్ చూస్తూ మార్చుకోవడం మంచిది.

భద్రత విషయం అసలు మరవకూడనిది. ఒకరి పేజీ ఉమ్మడి క్యాష్‌లో పడితే మరొకరికి కనబడుతుంది. 2015 క్రిస్మస్ రోజున ఆటలమ్మే స్టీమ్ సైటులో క్యాష్ అమరిక తప్పడంతో సుమారు 34,000 మంది వివరాలు ఇతరులకు కనిపించి ఉండవచ్చని దాని యజమాని సంస్థ వాల్వ్ తెలిపింది. ఆ అమరికను కూడా రద్దీని తట్టుకోవడానికే హడావుడిగా పెట్టారు. పీఎన్ఆర్, ప్రయాణికుల పేర్లు ఉన్న పేజీకి ‘దాచవద్దు’ అన్న సూచన తప్పనిసరి.

ఒకసారి ఒక్క సెట్టింగే మార్చి, నిజమైన రద్దీని పోలిన పరీక్షలో కొలవాలి. సగటు సమయం చూస్తే మోసపోతాం. నూటికి ఒకరికి ఎంత ఆలస్యమైందో చూడాలి, టికెట్ దొరకనివాడు అక్కడే ఉంటాడు. పునఃప్రారంభించిన సర్వర్ క్యాష్ ఖాళీగా మొదలవుతుంది కాబట్టి, కొత్త సెట్టింగును రాత్రిపూట ఎక్కించాలి, తొమ్మిది యాభై అయిదుకు కాదు.