చికిత్సాధికారం ఏ పట్టాది? జనగామ నేపథ్యంలో క్లినికల్ సైకాలజీ శిక్షణ

1949 నాటి బౌల్డర్ సదస్సు అమెరికాలో క్లినికల్ సైకాలజిస్టుకు పిహెచ్.డి.ని ప్రాతిపదికగా నిర్ణయించింది. భారతదేశంలో మార్గం వేరైంది. 1955లో బెంగళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ (నేటి నిమ్హాన్స్) వైద్య మనోవిజ్ఞానంలో డిప్లొమా ప్రారంభించింది. కాలక్రమంలో అది రెండేళ్ల ఎం.ఫిల్.గా మారింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా పర్యవేక్షణతో కూడిన ఆ శిక్షణనే అర్హతగా గుర్తించింది. కేవలం పరిశోధనతో పిహెచ్.డి. పొందినవారు విశ్వవిద్యాలయంలో బోధించవచ్చు. భారత పునరావాస మండలి పట్టికలో క్లినికల్ సైకాలజిస్టుగా చేరడానికి మాత్రం ఆ పట్టా చాలదు. సమాజం 'డాక్టర్' అని గౌరవించే వ్యక్తికి చికిత్సాధికారం లేకపోవడం విచిత్రమే.

ఈ భేదం జనగామ వంటి చోట మరింత బరువైనది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైన తొలి నాలుగు జిల్లాలలో మెదక్ ఒకటి. జనగామకు పొరుగునున్న సిద్దిపేట నాడు అందులోనిదే. ఆ కార్యక్రమం మనోవైద్యునితో పాటు క్లినికల్ సైకాలజిస్టునూ కోరుతుంది. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా కావడంతో ఆ అవసరం ఇక్కడికీ వచ్చింది. శిక్షణకు మాత్రం ఇక్కడి విద్యార్థి సికింద్రాబాదులోని స్వీకార్ వంటి సంస్థలకో, బెంగళూరుకో పోవలసిందే. 2022లో ఎం.ఫిల్.ను రద్దు చేసిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం, క్లినికల్ సైకాలజీ ప్రవేశాలను 2025-26 వరకు కొనసాగనిచ్చింది.