పాలకుర్తి ఐలమ్మగారు



వంశవృక్షములు వ్రాయుటలో మనవారు తాత, తండ్రి, కొడుకు అని పురుషుల పేళ్లనే వరుసగా నిలుపుదురు. ఆ యింటి పొయ్యి యారకుండ కాపాడిన పెద్దమ్మ పేరు మూడవ తరమునాటికే మఱపున బడును. మన కులమున నట్లు మఱవబడని తల్లి చిట్యాల ఐలమ్మగారు. అయితే ఆమెనుగూర్చి మనము సభలలో చెప్పుకొనునది యొక్క పంటకాలపు కథయే. ఆమె జీవించినది దాదాపు తొంబది యేండ్లు.

మా నారాయణపేటకును ఆమె యూరైన పాలకుర్తికిని చాల దూరము. అయినను నైజాము రాజ్యమున మహబూబునగరు, నల్లగొండ జిల్లాలు రెండును మెదకు సుబాలోనివే; పాలకుర్తి యప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో నుండెను. వెట్టి రెండు చోట్లను నుండెను. దేశముఖుల యిండ్లలోను, గ్రామాధికారుల యిండ్లలోను బట్టలుతుకుట, అంట్లు తోముట మనవారి వంతు, కూలి లేదు. 'రజక' శబ్దము రంజ్ ధాతువునుండి పుట్టినదనియు, రంగు వేయువాడని దాని మొదటి యర్థమనియు మేము పాఠశాలలో చదువుకొంటిమి. దొరల వాకిట నా వ్యుత్పత్తి యెవరికిని పనికిరాలేదు.

ఐలమ్మగారు 1895 సెప్టెంబరు 26వ తేదీన రాయపర్తి సమీపముననున్న కృష్ణాపురమున ఓరుగంటివారింట జన్మించిరి. ఆ ప్రాంతమున ఐలోని మల్లన్న భక్తులు బిడ్డలకు ఐలయ్య, ఐలమ్మ యని పేరిడుట కద్దు. పాలకుర్తి నివాసియగు చిట్యాల నరసింహగారికిచ్చి ఆమెకు పెండ్లి చేసిరి. బిడ్డలు పలువురు కలిగిరి. కులవృత్తివలన వచ్చు గింజలు చాలక, మల్లంపల్లి భూస్వామివద్ద భూమిని కౌలునకు దీసికొని ఆ కుటుంబము సేద్యమునకు దిగెను.

ఇచ్చట నొక్కింత యాగవలెను. ఉతుకుటకు ప్రతిఫలముగా దొరకు గింజలు ఒకరు పెట్టిన గింజలు, పెట్టినవారు మానివేయగలరు. తాను దున్ని పండించిన గింజల విషయమున నట్లు చెల్లదు. చాకలి యింట గాదె నిండినచో రేపు వెట్టికి పిలిచినప్పుడు వచ్చునా యని దొరకు సందేహము పుట్టక మానదు. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి ఆ కొలదిపాటి చేనిపై గన్ను వేయుటకు భూమిపై నాశకంటె నీ సందేహమే పెద్ద కారణమని నా యభిప్రాయము.

1944లో భువనగిరియందు రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ జరిగిన పిదప పల్లెలలో దాని శాఖలు విరివిగా వెలసెను. ప్రజలు దానిని 'సంగ' మనిరి. ఐలమ్మగారును సంగములో జేరిరి. పంట చేతికి వచ్చు వేళ దేశముఖు తన మనుషులను పెద్దగుంపుగా చేనిలోనికి బంపెను. భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు మొదలగు సంగము కార్యకర్తలు కఱ్ఱలు బూని వారిని దఱిమి, పంట కోసి, ధాన్యమును ఆమె యింటికి జేర్చిరి. యుద్ధములో గెలిచిన కోట కాదది. ఒక తల్లి బిడ్డల యేడాది కూడు. ఆ గింజలు గడప దాటి లోనికి వచ్చిన దినమున చుట్టుపట్ల నెన్ని కౌలుదారుల యిండ్లలో ధైర్యము కలిగినదో యూహించుకొనవచ్చును. దానికి ప్రతిగా ఆమె యింటిని గాల్చిరి; సొత్తు దోచిరి. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్యగారు తుపాకి దెబ్బకు గూలిరి. అటుపిమ్మట సాగిన సాయుధపోరాటము 1951 వఱకు నడచినది. ఆ చరిత్ర మీరెఱుగనిది కాదు.

1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టము వచ్చెను. పంట నిలిపినప్పుడు ఐలమ్మగారికి ఏబది యేండ్ల ప్రాయము. పిమ్మట నింకొక నలువది యేండ్లు జీవించి, 1985 సెప్టెంబరు 10వ తేదీన పరమపదించిరి. తొంబది యేండ్లు నిండుటకు పదునాఱు దినములు తక్కువ.

2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు చాకలి ఐలమ్మ పేరుంచుటకు ప్రభుత్వము నిర్ణయించెను. నైజాము కాలమున ఆంగ్లేయ రెసిడెంటు నివసించిన ప్రాంగణమది. కులము పేరు దీసివేసి ఇంటిపేరుతో 'చిట్యాల' యని పిలువవలెనని మనలో గొందఱందురు. నాకది సమ్మతము కాదు. మన పిల్లలు పట్టము పుచ్చుకొనునపుడు దానిపై ఆ మాట యుండనిండు.